తెలియదన్నవాడికి టీ

మా వార్డులో ఒక రివాజు ఉండేది. రౌండ్స్‌లో నేనడిగిన ప్రశ్నకి జవాబు రాకపోతే విద్యార్థి తల దించుకోనక్కర్లేదు, నసగనక్కర్లేదు. "తెలియదు సార్, చూసి చెప్తాను" అంటే చాలు. అలా అన్నవాడికి రౌండ్స్ అయ్యాక కాలేజీ గేటు బయట బండి దగ్గర నేను టీ ఇప్పించేవాణ్ణి. మర్నాడు చూసి చెప్పకపోతే ఆ టీ కక్కించేవాణ్ణనుకోండి, అది వేరే సంగతి. తెలియకపోయినా తెలిసినట్టు కోతలు కోసినవాడికి మాత్రం ఆ పూట వార్డులో చోటు లేదు. బయట మెట్ల మీద కూచుని పుస్తకం తిరగేయాల్సిందే.

నేను కోపిష్టినని కాలేజీ అంతా చెప్పుకునేది. నిజమే, కాదనను. కానీ నా కోపమంతా కోతల మీదే. డాక్టరు బింకానికి పోయి ఆడిన అబద్ధం మంచం మీదున్న మనిషి ఒంట్లో తేలుతుంది. తెలియదన్నవాడు పుస్తకం తీస్తాడు, పెద్దవాళ్ళని అడుగుతాడు, లేదా మళ్ళీ పేషెంట్ దగ్గరికే వెళ్ళి మర్యాదగా కూచుంటాడు. కోతలరాయుడు ఇవేవీ చెయ్యడు. ఇంత చిన్న సంగతే వైద్యానికి ప్రాణమని నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. రాజకీయాల్లోకి వెళ్ళాక ఆ నమ్మకమే నా మెడకి చుట్టుకుంది.

నేను రాయపూర్‌లో పుట్టిన తెలుగువాణ్ణి. నాన్న రైల్వేలో గార్డు. శ్రీకాకుళం నుంచి ఉద్యోగం మీద వచ్చి, సొంతూరికి బదిలీ అడుగుదాం అడుగుదాం అంటూనే ఇక్కడే రిటైరయ్యారు. రైల్వే కాలనీలో మా ఇంట్లో శ్రీకాకుళం మాట, వీధిలోకి దిగితే హిందీ. ఛత్తీస్‌గఢీ మాత్రం నాకు పేషెంట్లే నేర్పారు. కొత్త రాష్ట్రం ఏర్పడి, రాయపూర్ ఉన్నట్టుండి రాజధాని అయిపోయి, ఊరంతా బ్యానర్లు కట్టుకున్న రోజుల్లో నేను ప్రభుత్వ మెడికల్ కాలేజీలో చిన్న లెక్చరర్‌ని. మా అమ్మకి ఆ ఉద్యోగమంటే ఎంత గర్వమో! కాలనీలో ఎవరికి జలుబు చేసినా "మావోడికి సూపిస్తాను, రా" అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది. నేను స్నానం చేస్తున్నా సరే, తలుపు బాదేది.

గురువారం పొద్దుట మా సికిల్ సెల్ క్లినిక్. ఇక్కడి పల్లెల్లో ఆ జబ్బుని 'సికిలిన్' అంటారు. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. అప్పుడొచ్చే నొప్పి పగవాడికి కూడా వద్దు. పుట్టుకతో వస్తుంది, ప్రాణమున్నన్నాళ్ళూ ఉంటుంది. అయితే రోజూ మందు వేసుకుంటూ, అప్పుడప్పుడూ రక్తపరీక్ష చేయించుకుంటూ ఉంటే చాలామందికి నొప్పులు బాగా తగ్గుతాయి, పనిపాటలు చేసుకోగలుగుతారు. ఆ మందు ఆ రోజుల్లో మా దగ్గర దొరికేది, పల్లెల్లో దొరికేది కాదు. అందుకని గురువారం తెల్లారేసరికి మా వరండా బెంచీలన్నీ నిండిపోయేవి. జనం టిఫిన్ డబ్బాల్లో బాసీ తెచ్చుకునేవాళ్ళు. బాసీ అంటే రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచింది, మా అమ్మ చేసే తరవాణికి దగ్గర చుట్టం. ఆ పులుపు వాసన, ఉల్లిపాయ వాసన, పచ్చిమిరపకాయ కొరుకుతున్న చప్పుడు... ఆ వరండాలో అడుగుపెడితే నాకు ఇంటికెళ్ళినట్టే ఉండేది. ఇప్పటికీ గురువారమంటే నాకు ఆ వాసనే గుర్తొస్తుంది.

ఆ బెంచీ చివర కూచునే ఒక మనిషి గురించే ఇదంతా రాస్తున్నాను. ఆమెది ఆరంగ్ దాటాక మహానది వైపు ఒక పల్లె. నేను మొదట చూసినప్పుడు కొత్తగా పెళ్ళయిన పిల్ల. సన్నగా, పచ్చబడ్డ కళ్ళతో ఉండేది. ఒంట్లో రక్తం లేకపోయినా మాటకి మాత్రం కరువు లేదు. దేవుణ్ణీ నన్నూ ఒకేలా 'తైం' అనేది, అంటే నువ్వు అని. "సాబ్, కోపమొస్తే నీ ముక్కు ఎర్రబడుతుంది, చూసుకున్నావా?" అని మొదటిసారి చూపించుకున్న రోజే అడిగింది. పక్కనున్న నర్సు నవ్వాపుకోలేక ట్రే పట్టుకుని బయటికి పోయింది.

ఓసారి నొప్పులతో వార్డులో చేరినప్పుడు మా టీ రివాజుని కనిపెట్టేసింది. రౌండ్స్‌లో మేం మాట్లాడేది ఇంగ్లీషు, ఆమెకి ఒక్క ముక్క రాదు. అయినా మొహాలు చూసి పసిగట్టేది. "ఇవాళ టీ ఆ కళ్ళజోడు పిల్లకి. ఆ పొడుగాటివాడు మెట్ల మీదకే" అని పక్క మంచం ఆవిడతో పందెం వేసేది. చాలాసార్లు గెలిచేది కూడా. మా పొడుగాటివాడు ఆమె మంచం దగ్గరికి రాగానే కోతలు మానేశాడు. నా అరుపులు చెయ్యలేని పని ఆ పిల్ల పందెం చేసింది.

ఒక వానాకాలం నాట్ల రోజుల్లో ఆమె క్లినిక్‌కి రావడం ఆపేసింది. నాట్లు ఊరందరికీ ఒక్కసారే పడతాయి, ఒక్క మనిషి తగ్గినా పని ఆగుతుంది. ఆరంగ్ దాకా నడక, అక్కణ్ణుంచి రాయపూర్‌కి బస్సు, క్లినిక్‌లో లైను, మందుల కిటికీ దగ్గర ఇంకో లైను. ఒక్క డబ్బా మందు కోసం ఒక రోజంతా పోతుంది. పొలం వదిలి రాలేకపోయింది. మందు అయిపోయింది. మోకాలి లోతు బురదలో వానకి తడుస్తూ నిలబడింది. మొగుడు ట్రాక్టర్ మీద పడుకోబెట్టి తెచ్చేసరికి ఊపిరి అందడం లేదు. రక్తం ఎక్కించాం, ఆక్సిజన్ పెట్టాం. దక్కుతుందని నేననుకోలేదు. దక్కింది.

లేచి కూచున్న రోజు రౌండ్స్‌లో, పిల్లలందరి ముందూ ఆమె మీద విరుచుకుపడ్డాను. "మందెందుకు మానేశావ్? చావాలని ఉందా?" అన్నాను. నా అరుపంతా అయ్యేదాకా ఆగింది. అప్పుడు నెమ్మదిగా అడిగింది.

"సాబ్, ఈ గోళీ మా ఊరి దగ్గర ఆస్పత్రిలో ఎందుకుండదు?"

అన్నేళ్ళు పాఠాలు చెప్పాను, ఆ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. పిల్లలందరూ నా మొహమే చూస్తున్నారు. రివాజు రివాజే కదా.

"తెలియదు. చూసి చెప్తాను" అన్నాను.

"అయితే ఇవాళ టీ నీకే" అంది. వార్డంతా నవ్వింది. నవ్వు సద్దుమణిగాక నా తెల్లకోటు చెయ్యి పట్టుకుని, "తొందరగా చూడు సాబ్. ఇంకో వానాకాలం ఇలాగైతే నేను తట్టుకోలేను" అంది. ఆమె చెయ్యి ఇంకా వేడిగానే ఉంది.

చూడ్డం మొదలుపెట్టాను. వాళ్ళ ఊరి దగ్గరి ఆరోగ్య కేంద్రంలో డాక్టరు, "పైనుంచి రాదు సార్, నేనేం ఇవ్వను?" అన్నాడు. పై ఆఫీసుకి వెళితే ఇంకా పైకి వెళ్ళమన్నారు. అప్పటికి పెద్ద ఆఫీసులన్నీ నయా రాయపూర్‌కి మారాయి. ఆ వెడల్పాటి ఖాళీ రోడ్ల మీద నేనూ, నా పాత స్కూటరూ, డివైడర్ మీద గడ్డి మేస్తున్న ఒక ఆవూ. ఎన్నిసార్లు తిరిగానంటే ఆవు నన్ను గుర్తుపట్టింది, ఆఫీసుల్లో మాత్రం ప్రతిసారీ నేనెవరో మొదట్నుంచీ చెప్పుకోవాల్సి వచ్చేది. చివరికి ఒక ఆఫీసరు, మంచివాడే, కూచోబెట్టి టీ ఇచ్చి అసలు సంగతి చెప్పాడు.

"డాక్టర్ సాబ్, చిన్న కేంద్రాల్లో ఏ మందులుండాలో ఢిల్లీ జాబితా చూసే మేం కొంటాం. అందులో లేనిది కొంటే రేపు ఆడిట్‌లో నా పీక పట్టుకుంటారు."

"మరి అందులో చేర్చేదెవరు?"

ఆయన నవ్వాడు. "అది ఓట్లడిగేవాళ్ళని అడగండి."

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్తే, "రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది మీ పని" అంది. మా ఆవిడ భిలాయిలో పెరిగింది, వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంటులో పనిచేసేవారు. సామెతలు వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది, మిగతా సగం మాటలు హిందీవే.

విచిత్రమేమంటే, ఆ ఓట్లడిగేవాళ్ళు తమంతట తామే మా గుమ్మంలోకి వచ్చారు. ఒక పార్టీ నాయకుడు. ఏ పార్టీయో చెప్పను, దాంతో ఇక్కడ పనిలేదు. వాళ్ళమ్మగారికి చాలా రోజులు నేను వైద్యం చేశాను. ఢిల్లీలో తమ పార్టీ ఆరోగ్య విభాగానికి చదువుకున్న డాక్టరు కావాలనీ, రాబోయే ఎన్నికల మేనిఫెస్టోలో ఆరోగ్యం భాగం రాయాలనీ అన్నాడు. నేను ఒక్కటే అడిగాను. సికిల్ సెల్ పరీక్షా, మందూ ప్రతి చిన్న కేంద్రంలో ఉచితంగా దొరికేలా పెట్టిస్తారా?

"అదెంత పని సార్!" అన్నాడు.

ఆ మాటన్న విద్యార్థిని నేను తిన్నగా మెట్ల మీదకి పంపేవాణ్ణి. కానీ ఆ పిల్ల చెయ్యి వేడి నా కోటుకి ఇంకా అంటుకునే ఉంది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. సర్కారు జీతం తీసుకుంటూ పార్టీలో తిరగడం కుదరదు మరి.

అమ్మ మండిపడింది. "ఏట్రా నీకిది? మారాజు నాంటి ఉజ్జోగం ఒగ్గేసి ఆ నేతల ఎనకాల తిరుగుతావేట్రా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" నేను పక్కన కూచుని ఆ పిల్ల సంగతి మొదట్నుంచీ చెప్పాను. అమ్మ చింతపండులో గింజలు తీస్తూ విన్నది. బుట్ట ఖాళీ అయ్యాక నోరు విప్పింది. "మరైతే ఎల్లు. ఆళ్ళ నాగ అబద్దాలాడినావంటే మట్టుకు నా గుమ్మం ఎక్కనియ్యను" అని లేచి వెళ్ళిపోయింది.

మా ఆవిడేమో పడీ పడీ నవ్వింది. "మీరా? భాషణ్ ఇస్తారా? కూరలబండి దగ్గర కొసరు కొత్తిమీర అడగడానికే మీకు షరమ్! ఓట్లెలా అడుగుతారండీ?" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఉల్లిపాయలన్నది గానీ ఆ పూట కూరలో ఉల్లిపాయే లేదు.

కాలేజీలో నా ఆఖరి రౌండ్స్ నేను చచ్చేదాకా మరచిపోలేను. మొదటి మంచం దగ్గర సులువైన ప్రశ్న అడిగాను. "తెలియదు సార్, చూసి చెప్తాను" అన్నాడొకడు. రెండో మంచం దగ్గర ఇంకా సులువైంది అడిగాను. "తెలియదు సార్, చూసి చెప్తాను." కళ్ళజోడు పిల్లని, క్లాసులో అందరికంటే చురుకైనదాన్ని, మనిషికి గుండె ఏ వైపుంటుందని అడిగాను. తడుముకోకుండా, "తెలియదు సార్, చూసి చెప్తాను" అంది, కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని. దొంగపిల్లలు, ముందే కూడబలుక్కున్నారు! వార్డు వార్డంతా నా వెనక గేటు బయటికి నడిచింది. బండివాడు రెండుసార్లు పాలు తెప్పించుకున్నాడు. ఆ టీలో అల్లం ఎక్కువైంది, అందుకే ముక్కు ఎగబీలుస్తున్నానని చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

ఎన్నికలు ఇంకా దూరంలో ఉండగానే సభలు మొదలయ్యాయి. ఆరంగ్ సభలో నన్ను కూడా వేదిక ఎక్కించారు. గంజి పెట్టిన కొత్త కుర్తా మెడ దగ్గర గీరుతోంది. మైకు చేతికివ్వగానే అలవాటు చొప్పున జనాన్నే ప్రశ్న అడిగాను. "సికిలిన్ నొప్పి ఏ కాలంలో ఎక్కువొస్తుంది? ఎవరు చెప్తారు?" అని, జవాబు కోసం నిలబడ్డాను. సభల్లో ప్రశ్నలడిగితే జవాబు కోసం ఆగకూడదని నాకెవరు చెప్పారు? జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ముందు వరసలో ఒక ముసలాయన పాపం చెయ్యెత్తాడు. వెనకనుంచి నాయకుడు దగ్గుతున్నాడు.

అప్పుడు ఆడవాళ్ళ మధ్యలోంచి ఆమె లేచి నిలబడింది. చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. బతికే ఉంది! ఇంకా చిక్కిపోయింది, గొంతు మాత్రం అదే గొంతు.

"సాబ్, ఆ గోళీ మా ఊరికి ఎప్పుడొస్తుంది?"

మేనిఫెస్టోలో అప్పటికి ఒక్క అక్షరం పడలేదు. ఢిల్లీలో నాకు కుర్చీ కూడా సరిగ్గా చూపించలేదు. ఆమె మొహం చూస్తూ ఇంకేం చెప్పగలను?

"తెలియదు. చూసి చెప్తాను" అన్నాను, మైకులో.

సభలో గుసగుసలు, ఆ తర్వాత నవ్వులు. నాయకుడు నా చేతిలోంచి మైకు లాక్కుని, "మనం గెలిచిన మర్నాడే వస్తుంది!" అని గర్జించాడు. చప్పట్లు, డప్పులు. ఆ మోతలోనే ఆమె గొంతు మళ్ళీ లేచింది. "ఆ తెలియదన్నాయనకి టీ పోయండి!" జనం ఘొల్లుమన్నారు. నన్ను వెక్కిరించిందనుకున్నారు. ఆమె ఏమందో అక్కడ నాకొక్కడికే తెలుసు.

తిరిగొస్తుంటే జీపులో నాయకుడు క్లాసు పీకాడు. "వేదిక మీద తెలియదంటారా సార్ ఎవరైనా? జనం మన దగ్గరికి వచ్చేది తెలుసన్న మాట వినడానికి. ముందు చెప్పాలి, తర్వాత చూసుకోవాలి."

"మా దగ్గర ముందు చూసుకుని తర్వాత చెప్తాం."

"ఇది ఆస్పత్రి కాదు."

"మీ అమ్మగారిని తీసుకొచ్చిన రోజు ఆవిడ జబ్బేమిటో నాకు తెలియదని చెప్పాను. గుర్తుందా?"

ఆయన చెడ్డవాడు కాదు. కానీ మళ్ళీ ఎప్పుడూ నన్ను వేదిక ఎక్కనివ్వలేదు. "ఈయన మైకుకి పనికిరాడు, ఢిల్లీలో గదిలో కూచోబెట్టండి" అని పైవాళ్ళకి చెప్పాడట. నాకూ అవమానంగానే అనిపించింది. తీరా చూస్తే, నాకు కావలసిన పని జరిగేది ఆ గదిలోనే.

మేనిఫెస్టో రాసే ఆ గదిలో పొడుగాటి బల్ల, దాని చుట్టూ పెద్దమనుషులు, మధ్యలో జీడిపప్పు పళ్ళేలు. సికిలిన్ మందు గురించి నేను రాసిన వాక్యం ప్రతి సమావేశంలోనూ కొట్టేసేవారు, నేను మళ్ళీ రాసేవాణ్ణి. "ఇది రెండు మూడు రాష్ట్రాల గొడవ" అనేవాడొకడు. "పెద్ద ఆస్పత్రి కడతామని రాద్దాం, ఫొటోలో కనిపిస్తుంది" అనేవాడింకొకడు. ఒకరోజు విసుగెత్తి, వార్డులో కేసు చెప్పినట్టు ఆ పిల్ల కేసు చెప్పాను. నాట్లు, బస్సు, లైను, బురద, ట్రాక్టర్, ఊపిరి. పేరు చెప్పలేదు. చెప్పడం అయ్యాక ఒకాయన, "బాగుంది. ఈ మందిస్తే మనకెన్ని ఓట్లొస్తాయి?" అన్నాడు.

"తెలియదు" అన్నాను. ఒళ్ళు మండి, చూసి చెప్తానని కూడా అనలేదు.

బల్ల చివర ఒక పెద్దావిడ కూచునేది. ఒకప్పుడు బడిపంతులమ్మ, అంతవరకూ పెద్దగా మాట్లాడింది లేదు. "నేను ఈ గదిలోకి వస్తున్నప్పట్నుంచీ తెలియదన్న మాట వినడం ఇదే మొదటిసారి. తెలియనిది తెలియదన్నాడు కాబట్టి, తెలుసన్నది నమ్ముదాం. ఉంచండి ఆ వాక్యం" అంది. ఉంచారు. నాకు లేచి వెళ్ళి ఆవిడ కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

ఆ ఎన్నికల్లో మావాళ్ళు గెలిచారా ఓడారా అన్నది ఇక్కడ అనవసరం. ఆ వాక్యం మాత్రం గెలిచింది. అవతలి పార్టీవాళ్ళు కూడా కాస్త మాటలు మార్చి అదే రాసుకున్నారు. మాది దొంగిలించారని మావాళ్ళు గోలపెడుతుంటే నేను మిఠాయిలు పంచాను. నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. అయితే కాగితం మీది వాక్యం జాబితాలోకి ఎక్కి, జాబితాలోంచి లారీలోకి ఎక్కి, లారీ పల్లె దాకా రావడానికి ఏళ్ళు పట్టింది. ఆ లారీని వెనకనుంచి తొయ్యడమే నా రాజకీయమంతా. మంత్రిని కాలేదు, ఎవరూ దండలు వెయ్యలేదు. ఆ మధ్యలోనే అమ్మ పోయింది. పోయేముందు నన్ను ఒకటే అడిగింది. "ఆ పిల్లకి మందు అందినాదేట్రా?" అందలేదనే చెప్పాను. అబద్ధం చెప్పి ఆవిణ్ణి సంతోషపెట్టడం నాకు చేతకాలేదు.

ఢిల్లీలో గురువారాలు గడిచేవి కావు. పొద్దున్నే మెలకువొచ్చేది, చెయ్యి స్టెతస్కోప్ కోసం బల్ల తడిమేది. మిషను టీ కాగితం కప్పులో తాగుతూ, ఇప్పుడు వరండా నిండి ఉంటుంది, ఇప్పుడు డబ్బాలు విప్పి ఉంటారు, ఇప్పుడు నర్సు ఎవరిమీదో అరుస్తుంటుంది అనుకునేవాణ్ణి. నేను లేకపోతే ఏమైపోతారో అని బెంగ. నేను లేకపోయినా ఏమీ కాదేమో అని ఇంకో బెంగ. రెండోదే ఎక్కువ బాధపెట్టేదని ఎవరితోనూ అనలేదు, మా ఆవిడతో తప్ప. "అంతేనండీ, జిందగీ" అని నా జుట్టు నిమిరింది.

ఈ మధ్య మా కాలేజీ నుంచి పిలుపొచ్చింది. పిలిచింది కళ్ళజోడు పిల్ల. ఇప్పుడు ఆ క్లినిక్ నడిపేది తనే, జుట్టు అప్పుడే నెరుస్తోంది. కొత్త విద్యార్థులతో మాట్లాడమంది. గురువారమే వస్తానన్నాను. గేటు బయట టీ బండి ఉన్నచోట మందుల షాపులు లేచాయి. వార్డుకి కొత్త టైల్స్ వేశారు. వరండా మాత్రం అదే వరండా. బెంచీలు సగం ఖాళీ. నా కళ్ళు తిన్నగా చివరికి వెళ్ళాయి. అక్కడెవరూ లేరు.

"ఆమె రావడం మానేసి చాలా రోజులైంది సార్" అంది కళ్ళజోడు పిల్ల.

"ఎందుకని?"

తను నా వైపు చూసింది. మేమిద్దరం డాక్టర్లమే. సికిలిన్ తగ్గిపోయే జబ్బు కాదు. ఏళ్ళ తరబడి వచ్చే పేషెంట్ రావడం మానేస్తే మాకు మొదట తట్టేది ఒకటే. కార్డు మీదున్న ఫోన్ నంబరు ఎప్పుడో పోయింది. విద్యార్థులతో ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు. మాట్లాడడం అవగానే కారెక్కి ఆరంగ్ వైపు పొమ్మన్నాను. దారి పొడుగునా ఇరువైపులా నాట్లు పడుతున్నాయి. వానాకాలం తట్టుకోలేనని చెప్పింది కదా నాతో. నేను లారీ తోసుకుంటూ కూచున్నాను.

వాళ్ళ ఊరి దగ్గరి ఆరోగ్య కేంద్రం ముందు కారు దిగాను. చిన్న వరండా. ఆడవాళ్ళు లైన్లో ఉన్నారు, కాళ్ళకి ఇంకా పొలం బురద ఆరలేదు. లైను దాటి లోపలికి తొంగిచూడబోతే వెనకనుంచి ఒక గొంతు, "ఏయ్, తెల్లచొక్కా! లైన్లో రా! మాకు నాట్లున్నాయి!" అంది.

తిరిగి చూశాను. తలలో తెల్లవెంట్రుకలు, మోకాలి దాకా బురద, చేతిలో అప్పుడే తీసుకున్న మందుల డబ్బా. నన్ను పోల్చుకోవడానికి ఆమెకి ఒక్క క్షణం పట్టింది.

"నువ్వా సాబ్!"

"రాయపూర్ రావడం మానేశావేం?" అని అరిచాను. ముక్కు ఎర్రబడే ఉంటుంది. ఉన్నపళాన ఇంకేం మాట తోచలేదు నాకు.

"రాయపూర్ ఎందుకు?" అంది, నేనేదో అర్థంలేని మాట అన్నట్టు. "గోళీ ఇక్కడే ఇస్తున్నారుగా. పొద్దున పొలానికెళ్ళి, ఇప్పుడొచ్చి తీసుకుని, మళ్ళీ పొలానికే. రాయపూర్‌లో నాకేం పని?"

ఈ మాట వినడానికే ఉద్యోగం వదిలాను. అమ్మకి పోయేముందు చెప్పలేకపోయిన మాట ఇదే. విన్నాక మాత్రం వరండాలో ఆ బెంచీ చివర ఇక ఎప్పుడూ ఆమె కూచోదని అర్థమై, ఏడుపాపుకోలేకపోయాను. ఆడవాళ్ళందరూ చూస్తుండగా కళ్ళు తుడుచుకున్నాను. "ఎండ సాబ్, ఎండ" అని ఆమె వాళ్ళకి సర్దిచెప్పింది, ఆకాశమంతా మబ్బేసి ఉండగా.

లోపల కుర్రడాక్టరు ఉన్నాడు. నా విద్యార్థి కాదు, మా కాలేజీవాడు కూడా కాదు, నేనెవరో తెలియదు. ఆమె గుమ్మంలోంచి తల లోపలికి పెట్టి అడిగింది.

"డాక్టర్ బాబూ, పోయిన నెల మందు ఆలస్యమైంది. వచ్చే నెల సరిగ్గా వస్తుందా?"

అతను పెన్ను కిందపెట్టాడు. "తెలియదు దీదీ. కనుక్కుని చెప్తాను" అన్నాడు.

ఆమె గిరుక్కున నా వైపు తిరిగింది. "నువ్వు ఢిల్లీలో ఉంటావుగా. నువ్వు చెప్పు. వస్తుందా?"

లైన్లో ఉన్న ఆడవాళ్ళందరూ నన్నే చూస్తున్నారు. లోపల డాక్టరు కూడా తలెత్తాడు. వస్తుందని అనేస్తే ఎంత బాగుండేదో అందరికీ.

"నాకూ తెలియదు" అన్నాను. "చూసి చెప్తాను."

ఆమె నవ్వింది. ఆ నవ్వు వార్డులో పందెం గెలిచిన పిల్ల నవ్వే. మందుల డబ్బా కొంగున ముడేసుకుని, వరండా మెట్లు దిగి, రోడ్డవతల టీ బండివాణ్ణి కేకేసింది.

"ఇద్దరు డాక్టర్లకి రెండు టీలు పొయ్యి! తొందరగా, ఈయన ఢిల్లీ పోవాలి."